ఆ ఫొటోలోని పువ్వు ప్రెయిరీది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మోనార్క్ సీతాకోకచిలుకల వలస మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఉత్తర అమెరికా పొలాల మధ్య పుట్టిన అంత చిన్న ప్రాణి, చలికాలం ముంచుకొచ్చేలోగా వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల మీది ఒయామెల్ ఫర్ చెట్ల అడవులకు చేరుకునే వైనాన్ని తెలుగు పాఠకులకు కళ్లకు కట్టినట్టు రాసిన వ్యాసకర్తకు నా అభినందనలు. అయితే ఆ వ్యాసం నడుమ దాదాపు సగం పేజీ మేర వేసిన రంగుల ఫొటో కింద ‘అమెరికా ప్రెయిరీలలో సహజంగా పెరిగే బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్’ అని అచ్చయింది. మిల్క్‌వీడ్‌లంటే మోనార్క్ గొంగళిపురుగులు తిని పెరిగే మొక్కలు. ఫొటోలో ఉన్నది ఆ మొక్క కాదు. అది ఉష్ణమండల అమెరికాకు చెందిన అస్క్లెపియాస్ కురాసావికా. ప్రెయిరీలో, అంటే ఇక్కడి సహజమైన గడ్డి మైదానంలో, పెరిగే బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ శాస్త్రీయ నామం అస్క్లెపియాస్ ట్యూబరోసా. రెండూ ఒకే ప్రజాతికి చెందినవే, రెండిటి పూలూ నిప్పురవ్వల రంగువే, కానీ పుట్టిన నేల వేరు, బతికే తీరు వేరు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 28 ఏళ్లు జీవశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆరేళ్లుగా ప్రతి వేసవిలో ఇక్కడి ప్రెయిరీల పునరుద్ధరణ పనిలో మిగతా స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి కలుపు తీస్తూ, గింజలు సేకరిస్తూ ఉంటాను. ఈ రెండు మొక్కల మధ్య పొరపాటు పడటం ఎంత సులభమో నాకు అనుభవమే. వచ్చిన మొదటి సంవత్సరం ఒక నర్సరీలో ‘సీతాకోకచిలుకల మొక్క’ అన్న చీటీ చూసి, స్థానిక మొక్కే అని దుకాణంవారు చెప్పిన మాట నమ్మి, నాలుగు కుండీలు కొని పెరట్లో నాటాను. అక్టోబరులో తొలి మంచు పడిన మరునాటి ఉదయానికి నాలుగూ నల్లగా వడలిపోయాయి, మళ్లీ వసంతం వచ్చినా ఒక్క మొలకైనా రాలేదు. ఇల్లినాయ్ నేలలో పుట్టిన మొక్క ఇల్లినాయ్ చలికి చావదు కదా అని ఆలోచించడం మొదలుపెట్టిన తర్వాతే ఆ రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించాను.

మీరు వేసిన ఫొటోనే తీసుకుందాం. అందులో కాడ నున్నగా, నిటారుగా ఉంది. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా, అంటే మేము తరగతిలో చెప్పే అభిముఖ పత్రవిన్యాసంలో ఉన్నాయి. ఒక్కో ఆకుకు పొట్టి తొడిమ ఉంది, ఆకు రెండు కొసలా సన్నబడి మెరుస్తోంది. పువ్వుల్లో కిందికి వాలిన రేకలు ఎర్రగా, వాటిపై నిలిచిన కిరీటం పసుపుగా, రెండు రంగులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇవన్నీ కురాసావికా లక్షణాలు. వీటిలో ఏ ఒక్కదాన్ని బట్టో తీర్పు చెప్పమంటే నేను వెనకాడేదాన్ని. అన్నీ ఒకేచోట కలిసి కనిపిస్తున్నందువల్లనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ప్రెయిరీలోని అసలు మొక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తే కథ వేరుగా ఉంటుంది. అది అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల ఎత్తు మించదు. ఒకే వేరు మొదలు నుంచి అనేక కాడలు లేస్తాయి. ఏళ్లు గడిచిన మొక్కయితే చిన్న పొదలా గుబురుకడుతుంది. కాడంతా నూగు ఉంటుంది, వేలితో కింది నుంచి పైకి నిమిరితే గరుకుగా తగులుతుంది. ఆకులు కురచగా, సన్నగా, తొడిమ దాదాపు లేకుండా కాడకే అంటుకున్నట్టుంటాయి. ముఖ్యంగా అవి ఒకదాని తర్వాత ఒకటి కాడ చుట్టూ మెట్లు ఎక్కినట్టు ఏకాంతరంగా అమరి ఉంటాయి. మిల్క్‌వీడ్‌లలో చాలా వాటికి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కనుక ఈ ఒక్క గుర్తే మనిషిని సగం దారి తీసుకువెళుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పూలగుత్తికి దగ్గరగా ఉన్న పక్కకొమ్మల మీద అప్పుడప్పుడూ రెండు ఆకులు ఎదురెదురుగా వచ్చి కొత్తవారిని తికమక పెడతాయి, అందుకని ఎప్పుడూ ప్రధాన కాడ నడిమి భాగాన్నే చూడాలి.

ఇక పాల సంగతి. మిల్క్‌వీడ్ అన్న పేరు విన్న తెలుగువారెవరికైనా వెంటనే జిల్లేడు గుర్తుకొస్తుంది, రావాలి కూడా, ఎందుకంటే ఈ రెండూ ఒకే కుటుంబంలో దగ్గరి చుట్టాలు. జిల్లేడు ఆకు తుంచితే తెల్లని పాలు బొటబొటా కారతాయి, అవి కంట్లో పడితే ప్రమాదమని మన ఊళ్లలో పిల్లలను హెచ్చరించని తల్లి ఉండదు. ఇక్కడి కామన్ మిల్క్‌వీడ్ ఆకు తుంచినా అంతే, ఫొటోలోని కురాసావికా ఆకు తుంచినా అంతే. బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ ఒక్కటే ఈ ఇంటి ఆచారానికి భిన్నం. మా పెరట్లో ఇప్పుడు పెరుగుతున్న మొక్క నుంచి ఒక ఆకు కొస తుంచి చూశాను, తెగిన చోట నీటి చెమ్మలాంటి తేటైన రసం ఊరిందే తప్ప పాలచుక్క రాలేదు. పేరులో పాలున్నా ఒంట్లో పాలు లేని మొక్క ఇది. అనుమానం తీరనప్పుడు ఈ పరీక్ష అక్కరకొస్తుంది, కానీ దీన్ని సొంత పెరట్లోని మొక్క మీదే చేయాలని నా విన్నపం. సంరక్షిత ప్రెయిరీలలో ఆకు కూడా తుంచకూడదు, అక్కడ ఆకుల అమరికా, నూగూ చాలు.

పువ్వు నిర్మాణం గురించి కొంచెం విడమరచి రాయనివ్వండి, జిల్లేడు పువ్వు తెలిసిన మన పాఠకులకు ఇది మరెవరికన్నా సులభంగా అందుతుంది. జిల్లేడు పువ్వు మధ్యలో అయిదు మూలల మకుటం ఒకటి ఉంటుంది, చిన్నప్పుడు దాన్ని ఊడదీసి ఆడుకున్నవాళ్లం చాలామందిమి. బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ పువ్వులో కూడా అదే ఏర్పాటు ఉంది, కాకపోతే పువ్వు మొత్తం మన చిటికెనవేలి గోరంత. అయిదు రేకలు పూర్తిగా కిందికి మడతపడి ఉంటాయి. వాటి పైన అయిదు చిన్న దొప్పలు నిలబడి ఉంటాయి, ఆ దొప్పల్లోనే మకరందం ఊరుతుంది. ఒక్కో దొప్పలోంచి ఒక సన్నని కొమ్ము మధ్యకు వంగి ఉంటుంది. జిల్లేడు మకుటంలో ఈ కొమ్ములు లేవు. దొప్పలూ రేకలూ దాదాపు ఒకే నారింజ రంగులో ఉంటాయి, కొన్ని మొక్కల్లో పసుపు వైపు, కొన్నిట్లో ఎరుపు వైపు మొగ్గుతాయి. రంగు ఒక్కదాన్నే నమ్ముకోకూడదనడానికి ఇదే కారణం.

జూలై నెలలో ఒక మధ్యాహ్నం ఈ పూలగుచ్ఛం ముందు భూతద్దం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మకరందం కోసం వాలిన ఒక తేనెటీగ కాలు దొప్పల మధ్యనున్న సన్నని చీలికలో జారి ఇరుక్కుంది. అది రెండు మూడుసార్లు గుంజుకుని కాలు పైకి లాగేసరికి, కాలి కొసన ఒక నల్లని చుక్కా, దానికి రెండు వైపులా కావడి కుండల్లా వేలాడే పసుపు తిత్తులూ కనిపించాయి. అవే పొలీనియాలు. ఈ కుటుంబం పుప్పొడిని పొడిగా రాల్చదు, మూట కట్టి పురుగు కాలికి తగిలిస్తుంది. ఆ మూట మరో పువ్వు చీలికలో సరిగ్గా జారితేనే కాయ కడుతుంది కాబట్టి గుత్తికి ఎన్ని పూలున్నా కాయలు ఒకటో రెండో మించడం అరుదు. కాయ కూడా ఒక గుర్తే. కదురు ఆకారంలో, సన్నగా, నిటారుగా నిలబడుతుంది. శరదృతువులో అది ఒకవైపే పగిలి, ప్రతి గింజకూ ఒక పట్టుకుచ్చు కట్టి గాలికి వదులుతుంది. ఆ దూది గాలిలో తేలుతుంటే మా ఊరి చెరువుగట్టు మీది జిల్లేడు దూదే ఇక్కడికి కొట్టుకొచ్చిందా అనిపిస్తుంది.

లక్షణాలు ఇంత వివరంగా చెప్పినా, మొక్క నిలబడిన చోటు చూడకపోతే గుర్తింపు పూర్తికాదు. ప్రెయిరీ అంటే ఒకే తీరు గడ్డి మైదానమని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. అందులో వాన నిలిచే పల్లాలూ, నల్లరేగడిలాంటి బరువు నేలలూ, ఇసుక దిబ్బలూ, కంకర గుట్టలూ ఉన్నాయి, ఒక్కోదాని పూలు ఒక్కోరకం. బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ నీరు నిలవని చోటును కోరుకుంటుంది. ఇసుక నేలలు, గుట్టల వాలులు, పొడిగా ఉండే మెరకలు, రైలు కట్టల అంచులు, ఎండ నేరుగా పడే పలుచని అడవి అంచులు దాని నివాసాలు. దాని పక్కన సాధారణంగా లిటిల్ బ్లూస్టెమ్ అనే పొట్టి గడ్డి, లెడ్‌ప్లాంట్, లేత ఊదారంగు కోన్‌ఫ్లవర్ కనిపిస్తాయి. కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ అది జూన్ నుంచి ఆగస్టు వరకు పూస్తుంది. మే నెలలోనే ఇసుక నేలలో నారింజ పసుపు పువ్వు కనిపిస్తే అది హోరీ పుకూన్ అయ్యే అవకాశం ఎక్కువ. దాని రేకలు కింది నుంచి గొట్టంలా కలిసి పైన విచ్చుకుంటాయి, దొప్పలు ఉండవు. తడి పల్లంలో తలవంచుకుని వేలాడే పెద్ద నారింజ పువ్వు మిషిగన్ లిల్లీ. రోడ్డు పక్క గుంటల్లో బారులు తీరే నారింజ పువ్వు ఆసియా నుంచి వచ్చిన డేలిల్లీ. నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడి, గులాబీ రంగు పూలు పూసేది స్వాంప్ మిల్క్‌వీడ్.

ఈ మొక్క ఇప్పుడు రైలు కట్టల అంచున ఎందుకు తలదాచుకోవాల్సి వచ్చిందో కూడా మీ పాఠకులకు తెలియాలి. 1820 ప్రాంతంలో ఇల్లినాయ్‌లో సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. ఈ గడ్డివేళ్లు అల్లుకున్న జిగురు మట్టిని పాత నాగళ్లు చీల్చలేకపోయాయి. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఇదే రాష్ట్రంలోని గ్రాండ్ డీటూర్ అనే ఊళ్లో మట్టి అంటుకోని ఉక్కు నాగలిని తయారుచేసిన తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే ఆ నేల దాదాపు అంతా పంట పొలాలుగా మారిపోయింది. చెక్కుచెదరని నాణ్యమైన ప్రెయిరీ ఇప్పుడు సుమారు 2,500 ఎకరాలే మిగిలింది. అదీ చాలావరకు నాగలి వెళ్లలేని చోట్ల ముక్కలుముక్కలుగా ఉంది. తొలినాటి వలసదారుల శ్మశానాలు అలాంటివే. చనిపోయినవారి మీద గౌరవంతో ఎవరూ దున్నని ఆ చిన్న జాగాల్లో ప్రెయిరీ బతికి ఉందని గుర్తించి, 1960లలో వాటిని వెతుకుతూ తిరిగిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బెట్జ్. ఆయనే తర్వాత 1975లో బటావియాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనాలయం ఆవరణలో ప్రెయిరీని తిరిగి పెంచే పని మొదలుపెట్టించారు. మా ఊరికి పక్కనే లైల్‌లోని మోర్టన్ ఆర్బోరేటం అనే వృక్షోద్యానంలో 1962లో మొదలైన షులెన్‌బర్గ్ ప్రెయిరీ, జోలియెట్ దగ్గర పాత మందుగుండు కర్మాగారపు భూముల్లో 1996లో ఏర్పాటైన మిడేవిన్ జాతీయ ప్రెయిరీ కూడా చూడదగ్గవి. షికాగో ప్రాంతానికి పిల్లల దగ్గరకు వచ్చే తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. జూలై మొదటి వారాల్లో ఒక పూట వీటిలో ఏదో ఒకచోటికి వెళ్లి, కాలిబాట మీది నుంచే ఈ మొక్కను వెతికి చూడమని వారిని కోరుతున్నాను.

ఫొటో మారిపోతే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. మీ పత్రికను అంతర్జాలంలో టెక్సాస్‌లోనూ ఫ్లోరిడాలోనూ చదివే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వ్యాసం చదివి, మోనార్క్‌లకు మేలు చేద్దామన్న మంచి మనసుతో ఫొటోలోని మొక్కనే కొని నాటితే అక్కడ చిక్కు వస్తుంది. స్థానిక మిల్క్‌వీడ్‌లు శరదృతువులో పైభాగం ఎండిపోయి, వేరుతో మాత్రమే చలికాలం గడుపుతాయి. కురాసావికా వెచ్చని దక్షిణ తీరంలో ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. మోనార్క్‌లను పీడించే ఒఫ్రియోసిస్టిస్ ఎలెక్ట్రోసిర్రా అనే ఏకకణ పరాన్నజీవి ఒకటుంది. దాని సిద్ధబీజాలు సీతాకోకచిలుక ఒంటి నుంచి ఆకుల మీద, గుడ్ల మీద రాలి, గొంగళిపురుగు తినే తిండితో లోపలికి పోతాయి. ఏటా ఆకు రాలిపోతే ఆ బీజాలూ దానితో పోతాయి, ఆకు నిలిచి ఉంటే అవి పేరుకుంటూనే ఉంటాయి. జబ్బు ముదిరిన సీతాకోకచిలుక రెక్కలు ముడతలు పడి, ప్యూపా నుంచి సరిగా బయటికి రాలేకపోతుంది. పైగా ఎప్పుడూ పచ్చని ఆకు దొరికే చోట కొన్ని మోనార్క్‌లు వలసే మానేసి అక్కడే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. టెక్సాస్‌లో ఉన్నవారికి యాంటిలోప్ హార్న్స్, గ్రీన్ మిల్క్‌వీడ్ వంటి స్థానిక జాతులు ఉన్నాయి, బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ కూడా అక్కడిదే. నిజం చెప్పాలంటే గుడ్లు పెట్టడానికి మోనార్క్‌లు కామన్, స్వాంప్ మిల్క్‌వీడ్‌లనే ఎక్కువ ఇష్టపడతాయి కనుక, చోటున్నవారు వాటినీ పక్కన పెంచితే మంచిది.

మన రాష్ట్రాల్లోని పాఠకుల విషయం వేరు. ఫొటోలోని కురాసావికా భారతదేశంలో కూడా పూలమొక్కగా అడుగుపెట్టి, తోటలు దాటి బయట పాతుకుపోయింది. మీ ఫొటో చూసి, మన దగ్గర కనిపించేది ప్రెయిరీ మొక్క అనో, దాని కోసం మోనార్క్‌లు వస్తాయనో పిల్లలు అనుకోకూడదు. మనకు మన జిల్లేడు ఉంది, దాని మీద గుడ్లు పెట్టే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక ఉంది. అది మోనార్క్‌కు సోదరి వరుస. రెండిటి గొంగళిపురుగులకూ తెలుపు, నలుపు, పసుపు చారలే. మోనార్క్ పిల్ల ఒంటి మీద రెండు జతల నల్లని పోగులుంటే, ప్లెయిన్ టైగర్ పిల్లకు మూడు జతలుంటాయి. వినాయక చవితి పత్రిలోకీ, రథసప్తమి స్నానానికీ జిల్లేడు ఆకు కోసేటప్పుడు ఆకు అడుగున ఒకసారి తిప్పి చూస్తే ఈ పోగులను లెక్కపెట్టవచ్చు.

చివరగా నాటేవారికి ఒక్క మాట. బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ తల్లివేరు లావుగా, లోతుగా దిగి ఉంటుంది. అడవిలోనిదాన్ని తవ్వి తెస్తే వేరు తెగి చాలావరకు చనిపోతుంది, తీసినచోటా పోతుంది, నాటినచోటా పోతుంది. గింజలతోనో, స్థానిక మొక్కలు మాత్రమే పెంచే నర్సరీ నారుతోనో మొదలుపెట్టాలి. వసంతంలో మిగతావన్నీ చిగిర్చాక గానీ ఇది మొలక ఎత్తదు కనుక, చచ్చిపోయిందనుకుని తవ్విపారేయకుండా శరదృతువులోనే పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తుపెట్టుకోవాలి. మా పెరట్లో అలా గుచ్చిన పుల్ల పక్కన ఈ ఏడాది మే మూడో వారంలో మొలకలు కనిపించాయి.

వచ్చే ఆదివారం సంచికలో సవరణ వేసి, సరైన ఫొటోను సరైన పేరుతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మీ సౌకర్యం కోసం నేను తీసిన రెండు ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాను. మొదటిది పూలగుచ్ఛం, రెండోది కాడ నడిమి భాగం. చోటు లేక ఒక్కటే వేయగలిగితే రెండోదే వేయండి. అందులో పువ్వు లేదు గానీ ఆకులు ఏకాంతరంగా ఉండటం, కాడ మీది నూగు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నేపర్‌విల్, ఇల్లినాయ్